ఎడమవైపు వీరలక్ష్మి, కుడివైపు సుబ్బాయమ్మ

లోవరాజు మస్కట్‌లో ఏసీలు బాగుచేసే రోజుల్లో, గదిలో ఉండే ఫిలిప్పీన్స్ కుర్రాడి దగ్గర కొన్న ఎనిమిది ట్రాకుల డిజిటల్ రికార్డరు అది. తన ఊరు పలివెల వచ్చేశాక కొన్నాళ్ళు బాగానే పనిచేసింది. తర్వాత లోపలి డిస్కు పోయింది. అమలాపురంలో చూపిస్తే పాత సామాన్లవాడికి వేసెయ్యమన్నారు. వాళ్ళదేం పోయింది! మైకులు పెట్టే రంధ్రాలు బాగానే ఉన్నాయి, గొంతు పెంచి తగ్గించే మీటలు ఇంకా మెత్తగా జారుతున్నాయి. రికార్డు చేసే పని కంప్యూటరుకు అప్పగించి, దీన్ని మిక్సరుగా వాడుకోవడం మొదలుపెట్టాడు. వెనకగది గోడలకు కొబ్బరిపీచు పరుపులు కొట్టి స్టూడియో అని పేరు పెట్టాడు. భార్య వెంకటదుర్గ మాత్రం, “చుట్టాలొస్తే పడుకోడానికి పరుపుల్లేవు గానీ, మా గోడలకున్నాయండీ” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

2006లో ఓ పొద్దున్న, పెళ్ళి కుదిరిన ఉమామహేశ్వరి ఆ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“బాబాయిగారూ, నా నలుగులో మా మామ్మా, పెద్దమామ్మా కలిసి పాడిన పాట వినిపించాలండీ.”

“ఇద్దరూ ఒక గదిలో కూచుంటారా అమ్మా?”

“కూచోరండీ. అందుకే మీ దగ్గరికొచ్చేను.”

సంగతి ఊరందరికీ తెలిసిందే. ఉమ మామ్మ సుబ్బాయమ్మ, పెద్దమామ్మ వీరలక్ష్మి తోటికోడళ్ళు. ఒకప్పుడు ఏ ఇంట పెళ్ళయినా నలుగు పాట వాళ్ళదే. ఒకరు ఒక వరస పాడితే తర్వాతి వరస రెండోవారు అందుకునేవారు. అలాంటిది, వీరలక్ష్మి తన కూతురి సీమంతానికి స్వయంగా వచ్చి బొట్టు పెట్టి పిలవకుండా పనిమనిషితో కబురంపింది. ఇంట్లో మనిషికి బొట్టేమిటని ఆవిడ, ఇంట్లో మనిషిని గనకే పెట్టాలని ఈవిడ. అంతే, మాటలు ఆగిపోయాయి. మొగుళ్ళిద్దరూ రోజూ ఒకే అరుగు మీద పేపరు పంచుకుని చదువుకుంటారు. వీళ్ళిద్దరూ మాత్రం ఎదురుపడితే పక్కకు తిరిగి నడుస్తారు. ఇప్పుడు సుబ్బాయమ్మ కూడా శుభలేఖ పనివాడి చేత పంపించి ఊరుకుంది.

“మామ్మ పిలవదండీ. పిలవందే పెద్దమామ్మ రాదు. గొంతులైనా ఒకచోట ఉంటాయని...” ఉమ కళ్ళు తుడుచుకుంది.

లోవరాజుకు ఆ పిల్ల మీద జాలేసింది. తన పాత మిక్సరు మీద కాస్త గర్వం కూడా కలిగింది. దాని ఎడమ తీగ గుండా ఒకరు, కుడి తీగ గుండా ఇంకొకరు. వేరువేరు రోజుల్లో పాడినా, వినేవాళ్ళకు పక్కపక్కనే కూర్చున్నట్టుంటుంది.

ఉమ బతిమాలితే ముందు వీరలక్ష్మి వచ్చింది. ఆ రోజు పక్క తోటలో కొబ్బరికాయల దింపు. కాయ పడ్డప్పుడల్లా గది అదిరేది. దింపువాళ్ళు టీకి వెళ్ళేదాకా ఆగి మొదలుపెట్టారు. ఆవిడ ఒక వరస పాడి నోరు మూసుకుంది. లోవరాజు ఆపేశాడు. మళ్ళీ పాడించాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

“మర్చిపోయేరా పిన్నిగారూ?”

“మర్చిపోలేదు నాయనా. ఆ వరస నాది కాదు.”

అప్పుడు అర్థమైంది అతనికి. ఆపకుండా నడవనిచ్చాడు. వీరలక్ష్మి తన వరస పాడి, తోటికోడలి వరస పూర్తయ్యేంతసేపు కళ్ళు మూసుకుని తల ఊపుతూ, మళ్ళీ సరిగ్గా తన చోట అందుకుంది. అలా పాటంతా పాడి, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సుబ్బాయమ్మ వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్ పెడుతుంటే, “ఆవిడ సరిగ్గా పాడిందా?” అని మూతి విరిచింది. పాట మొదలైంది. వీరలక్ష్మి వదిలిన మొదటి ఖాళీ రాగానే, నిన్న పాడి ఇవాళ పాడుతున్నట్టు అందుకుంది. రెండో ఖాళీలోనూ అంతే. మూడోసారి మాత్రం పాడలేదు. హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకుని వింటోంది.

లోవరాజు ఆపి, “ఆ గాలి చప్పుడాండీ? అది తర్వాత తీసేస్తానండీ” అన్నాడు.

“గాలి చప్పుడేంటి నీ మొహం! అది మా అక్క ఆయాసం.”

ఇన్నాళ్ళూ ‘ఆవిడ’ అనడమే తప్ప ‘అక్క’ అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. ఆ మాట ఆమెకే కొత్తగా తగిలిందేమో, గభాలున లేచింది. “వరస సగంలోనే దమ్ము తీసుకుంటోంది. ఆయాసం ఇంత ముదిరిందని ఇంట్లో ఒక్కరు చెప్పలేదు! ఏవమ్మా దుర్గా, ఓసారి మీ కుంకంభరిణి ఇయ్యి.”

“ఎందుకండీ?” అంది వెంకటదుర్గ కంగారుగా.

“బొట్టు పెట్టి పిలవాలి. మా మనవరాలి పెళ్ళి.”

ఎండలో చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళింది. ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో లోవరాజుకు తెలీదు. సాయంత్రం కాకముందే ఇద్దరూ కలిసి వచ్చారు. వెనక ఉమ. వీరలక్ష్మి నుదుట తాజా కుంకం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఇద్దరూ నలుగుకి వస్తున్నారు కదా, ఇంక రికార్డెందుకమ్మా?” అన్నాడు లోవరాజు.

“రాజోలు పట్టికెళ్తానండీ, అత్తారింటికి.”

రెండు మైకులు పెట్టి, దూరంగా రెండు కుర్చీలు వేశాడు. సుబ్బాయమ్మ తన కుర్చీని ఈడ్చుకుంటూ వెళ్ళి అక్క కుర్చీకి ఆనించింది.

పాట మొదలైంది. వీరలక్ష్మి వరస మధ్యలో దమ్ము అందక ఆగబోయింది. సుబ్బాయమ్మ తన చోటు వచ్చేదాకా ఆగలేదు. అక్కడే అందుకుని ఆ సగం పూర్తిచేసి, తన వరసా పాడింది. ఆ వ్యవధిలో వీరలక్ష్మి ఊపిరి కూడదీసుకుంది.

ఒకరి మైకులో ఇంకొకరి గొంతు పడుతోంది. ఎడమ మీట తగ్గిస్తే సుబ్బాయమ్మా తగ్గుతుంది, కుడి మీట తగ్గిస్తే వీరలక్ష్మీ తగ్గుతుంది. ఇంకెవరైనా అయితే లోవరాజు ఆపించి, కుర్చీలు దూరం జరిపించేవాడు. ఇప్పుడు మాత్రం చేతులు మీటల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. హెడ్‌ఫోన్ తీసి ఉమకిచ్చాడు.

కళ్ళు మూసుకుని కాసేపు విని, ఆ పిల్ల మెల్లగా అడిగింది.

“బాబాయిగారూ, ఇక్కడ పాడుతున్నది ఎవరండీ?”

“తెలీడం లేదమ్మా” అన్నాడు, తనూ కళ్ళు మూసుకుని వింటున్న లోవరాజు.