బామ్మర్ది పట్టిన తాడు

నేను లక్సెట్టిపేట దగ్గర గోదావరిలో మునిగి చెన్నూరు దగ్గర తేలినవాడిని. నడుమ ఆకలైతే నీళ్లకిందనే ఒక వాలుగను పట్టుకుని తిన్నాను. ఈ మాట నమ్మేవాళ్లు మా ఊళ్లో లేరు. సాక్ష్యం చెప్పాల్సిన చేపను నేనే తినేస్తిని, ఇంకెవరిని పిలవను? అయితే మొన్నటి వానాకాలం మా వాగులో జరిగింది మాత్రం గట్టు మీద కూర్చుని కళ్లారా చూసింది. ఇందులో నా కల్తీ లేదు.

మా వాగు ఎండాకాలంలో మేకపిల్ల కూడా గంతేసి దాటేంత వాగు. పైన అడవిలో ముసురు పట్టిందంటే మాత్రం మనిషిని లెక్కచేయదు. వాగు ఒడ్డున పొలాలున్నవాళ్లకు అప్పుడు ఒకటే రంది, మోటరు. ఇంట్లో పిల్లలు తడిస్తే తుడుచుకుంటారులే అనేవాడు కూడా మోటరు తడుస్తుందంటే ఉరుకుతాడు. రాయమల్లు అట్లాగే పొద్దున్నే ఉరికాడు. మోటరు విప్పి ఒడ్డుకు లాగేలోపు అతని వెనక పాయ నిండింది, ముందు వాగు పొంగింది. మోటరును వాగు పట్టుకుపోయింది. రాయమల్లు దొరికిన చెట్టెక్కాడు. దొరికింది తుమ్మచెట్టు. కిందికి చూస్తే నీళ్లు, పట్టుకుంటే ముళ్లు. ఇంకో రోజైతే దీని మీద నేను ఒక పూట నవ్వించేవాడిని. కానీ అతని పెళ్లాం రమ గట్టు మీద నా పక్కనే నిలబడి ఉంది. ఆమె కళ్లు ఆ చెట్టు మీంచి కదలడం లేదు.

ఊరికి వచ్చే రోడ్డు తెగిపోయింది. పడవ ఇంకో ఊళ్లో జనాన్ని దాటిస్తోందని ఫోన్‌లో చెప్పారు. మా అదృష్టం బాగుండి, మా ఊరి ఆశీర్వాదం అనే ఆయన బిడ్డ మహిమ సెలవు మీద ఇంటికి వచ్చి ఉంది. ఆమెది అగ్నిమాపక దళంలో ఉద్యోగం. వరదలో చిక్కినవాళ్లను తీయడం నేర్పే శిక్షణకు కూడా పోయి వచ్చింది. ఆమె విసిరే తాళ్లు చుట్టిపెట్టిన సంచులు రెండు తీసుకుని, తమ్ముడు డేవిడ్‌ను వెంటబెట్టుకుని వచ్చేసరికి మా ఊరి పోరగాళ్లు అంగీలు విప్పి దూకడానికి తయారుగా ఉన్నారు. ఆమె వాళ్లను వరసగా చూసింది.

"అంగీలు తొడుక్కోన్రి. ఈతొచ్చినోడే ముంగట దుంకుతడు, ముంగట మునుగుతడు."

ఆ మాటతో ఒక్కడూ కదలలేదు. ఆమె వాళ్లలో హనుమండ్లు అనేవాడిని ఎగువకు పంపింది. కొట్టుకొచ్చే మొద్దులను చూసి కేకేయడం అతని పని. డేవిడ్‌ను రెండో తాడిచ్చి దిగువన వాగు మలుపు దగ్గర నిలబెట్టింది. ఏ తాడూ అందకపోతే మనిషి అక్కడికే కొట్టుకొస్తాడని చెప్పింది. పోరగాళ్లలో కొందరిని అతనికి తోడుగా తోలింది. చివరికి నా దిక్కు తిరిగింది.

"తాతా, నువ్వు రమక్క కాడ కూసో. నీళ్ల జోలికి పోకు. కథల జోలికి పో."

ఇక రమ తమ్ముడు గోపాల్ సంగతి చెప్పాలి. మా దిక్కు బావిలో పూడిక తీయడానికి దిగేవాడి నడుముకు మోకు కడతారు. పైన ఆ మోకు పట్టేది బామ్మర్దే. అన్నదమ్ములు పట్టరు, వాళ్లు భూమి పంచుకునేవాళ్లు. బామ్మర్దయితే అక్క బొట్టును తలచుకుని పడతాడు, అరచేతులు తెగినా విడవడు. మామూలు రోజుల్లో రాయమల్లుకూ గోపాల్‌కూ పడదు. కోడి కోస్తే తొడ ఎవరికి అనే దగ్గర మొదలై తాతల దాకా పోతారు. అయినా రాయమల్లు బావిలో దిగిన ప్రతిసారీ మోకు గోపాల్ చేతిలోనే ఉంది. ఇప్పుడూ అతనే ముందుకొచ్చి, బావ తాడు తాను తప్ప ఇంకొకరు ముట్టొద్దన్నాడు.

మహిమ అతని చేతుల దండలు చూసింది, మొహం చూసింది. సరే అంది. నిలబడొద్దు, కూర్చుని మడమలు రాయికి తన్నిపెట్టు, తాడు చేతికి చుట్టుకోకు అని చెప్పింది. ఆ తర్వాత మెడలో ఉన్న ఈల చూపించి చెప్పిన మాట మేమందరం విన్నాం.

"ఇది బాయి గాదన్నా. బాయిల నీళ్లు నిలవడుంటయి, గీడ ఉరుకుతున్నయి. నేను సీటీ పొడుగ్గ కొడితే ఇడిసిపెట్టాలె."

"ఇడుస్త," అన్నాడు గోపాల్.

ఆమె విసిరిన తాడు మొదటిసారి చెట్టు దాకా పోలేదు. లాగి, నాలుగడుగులు ఎగువకు జరిగి మళ్లీ విసిరితే కొమ్మకు తగిలింది. రాయమల్లు అందుకున్నాడు. వాగు మోతలో మాట వినపడదు కాబట్టి ఎట్లా రావాలో ఆమె చేసి చూపించింది. బురదలో వెల్లకిలా పడుకుంది, కాళ్లు దిగువకు చాపింది, తాడును భుజం మీదుగా రొమ్ముకు తెచ్చుకుని రెండు చేతులతో పట్టుకుంది. కాళ్లు ముందుంటే రాళ్లకు కాళ్లు తగులుతాయి, తల తగలదు. నిలబడాలని చూస్తే రాళ్ల సందులో కాలు ఇరుక్కుంటుంది. ఎవడో కిసుక్కున నవ్వాడు. నేను కాదు.

రాయమల్లు అంతా చూశాడు. కానీ తాడు ఇవతలి కొనలో బామ్మర్ది కనపడ్డాడు కదా, అతనికి ఆ వాగు బావిగానే తోచింది. తాడును నడుముకు చుట్టి, పూడిక తీసేటప్పుడు వేసుకునే ముడే బిగించి వేశాడు. వద్దు వద్దని మహిమ రెండు చేతులూ ఊపింది. అతను విప్పేలోపే తుమ్మచెట్టు ఒరిగింది. వేర్లు పైకి లేచాయి. రాయమల్లు నీళ్లలో పడ్డాడు.

మహిమ ఇక అక్కడ ఆగలేదు. పని దిగువన ఉందని తెలిసి, సీటీ నోట్లో పెట్టుకుని మలుపు దిక్కు ఉరికింది.

తాడు బిగిసింది. రాయమల్లు తల ఒకసారి కనపడింది, మళ్లీ కిందికి పోయింది. గోపాల్ ఇంకా గట్టిగా లాగాడు. అతను లాగినకొద్దీ రాయమల్లు లోపలికే పోతున్నాడు. పారే నీళ్ల గుణం అది. తమతో వచ్చేవాడిని మోసుకుపోతాయి, అడ్డం ఆగినవాడిని ఎక్కి తొక్కుతాయి. దిగువ నుంచి సీటీ పొడుగ్గా మోగింది. మళ్లీ మోగింది. గోపాల్ విన్నాడు. అతని మెడ మీద నరాలు మోకుల్లా లేచి ఉన్నాయి. పిడికిళ్ల నుంచి నెత్తురు తాడు మీదికి కారుతోంది. నేను ఇడువురా అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన నిజాలే తక్కువ, అందులో ఒకటి అప్పుడు చెప్పాను. వాడు వినలేదు.

"ఎట్ల ఇడువాలె మామా? అక్కకు ఏం జెప్పాలె?"

రమ నా పక్క నుంచి లేచిపోయింది. తమ్ముడి ముందు మోకాళ్ల మీద కూర్చుని అతని పిడికిళ్ల మీద రెండు చేతులూ పెట్టింది. ఆమె గొంతు పెద్దగా లేదు.

"ఇడువు తమ్మీ. నాకోసమే గద పట్టినవు. నేనే జెప్తున్న, ఇడువు."

గోపాల్ ఆమె మొహం చూశాడు. వేళ్లు విచ్చుకున్నాయి. తాడు పాములాగా జరజరా నీళ్లలోకి పోయింది. రమ కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు.

ఖాళీ నీళ్లు కాసేపు పారాయి. ఆ తర్వాత చాలా కిందికి రాయమల్లు తల తేలింది. దగ్గుతున్నాడు. బురదలో మహిమ పడుకున్నది గుర్తొచ్చిందో, వాగే తిప్పిందో, వెల్లకిలా అయ్యాడు, కాళ్లు ముందుకొచ్చాయి. మలుపు దగ్గర డేవిడ్ విసిరిన తాడు అతని రొమ్ము మీదుగా పడింది. ఈసారి కట్టుకోవడానికి సమయమూ లేదు, ఓపికా లేదు. ఉత్త చేతులతో పట్టుకున్నాడు. మహిమ డేవిడ్ వెనక కూర్చుని అతని నడుము పట్టుకుంది. వాళ్లిద్దరూ లాగలేదు, పట్టుకుని కూర్చున్నారు, అంతే. వాగే రాయమల్లును పక్కకు తిప్పి ఒడ్డు దగ్గరికి తెచ్చింది. పోరగాళ్లు మోకాలిలోతు నీళ్లలో నిలబడి చంకల కింద చేతులేసి పైకి తీశారు.

మేము పోయేసరికి మహిమ అతని నడుము ముడి విప్పాలని చూస్తోంది. అది నీళ్లకు రాయిలా బిగిసింది. చివరికి కత్తితో కోసింది. రాయమల్లు కొంత వాగును కక్కి, లేచి కూర్చుని, అందరి మొహాలూ చూశాడు.

"నా తాడు ఎవడిడిసిండు?"

గోపాల్ తల వంచుకున్నాడు. "నేనే బావా."

"వాన్ని అనకు. నేను ఇడువుమన్న," అంది రమ. "కోపం జేస్తవా, చెయ్యి. బతికొచ్చినవ్ గద, ఎంత చేస్తవో చెయ్యి."

రాయమల్లు గోపాల్ చేతులు పట్టి తిప్పి చూశాడు. అరచేతుల్లో తోలు లేదు.

మధ్యాహ్నం వాళ్లింటికి పోయాను, బాగోగులు అడగడానికని చెప్పి. కూర వాసన కూడా కొంత కారణం. గోపాల్ రెండు చేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి, పళ్లెం ముందు ఊరికే కూర్చున్నాడు. రమ రాబోతుంటే రాయమల్లు ఆమెను ఆపి తానే అన్నం కలిపాడు. బామ్మర్ది మొహం చూడకుండా ముద్ద అతని నోటి ముందు పెట్టాడు.

"తెరువు."

గోపాల్ నోరు తెరిచాడు. నమిలాడు. కారం ఎక్కువైందన్నాడు.

రాయమల్లు ఇంకో ముద్ద కలిపాడు.