లెక్కల మాస్టారు కూర్చున్న బెంచీ

లెక్కల మాస్టారు పొద్దున తొమ్మిదికి రెండు నిమిషాల ముందే క్లాసులో అడుగుపెడతాడు. కుడిచేత్తో రాస్తూ, ఎడంచేత్తో చెరిపేస్తూ, బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకి సాగిపోతాడు. నోట్సు చూడడు. తప్పు రాయడు. గంట మోగేసరికి చివరి గీత గీసి, చొక్కా దులుపుకుని వెళ్ళిపోతాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఆయనంత లెక్కలు తెలిసినవాళ్ళు ఆ యూనివర్సిటీలో లేరని అందరూ ఒప్పుకుంటారు. ఆయన క్లాసులో ఏటా సగంమంది తప్పుతారని కూడా ఒప్పుకుంటారు.

ఆసారి పరీక్షలో తప్పినవాళ్ళు సగం దాటారు. డీన్ పిలిపించి, కుర్చీ చూపించి, కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మాస్టారూ, వచ్చే టర్ము నుంచి మొదటి సంవత్సరం వేరేవాళ్ళకి ఇద్దామనుకుంటున్నాం. వద్దంటే మీరోసారి శిక్షణ కేంద్రానికి వెళ్ళిరావాలి."

"నేనా? పాఠం చెప్పడం నేర్చుకోడానికా?"

"అందరూ వెళ్తున్నారండీ. నేనూ వెళ్ళొచ్చాను."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ముందుగదిలో కూలబడ్డాడు. అది ఆయన భార్య కుట్టుపని చేసుకునే గది. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకునే సంగతంతా విని, ఒక్కోటీ తీసి గుడ్డకి గుచ్చి, అప్పుడు మాట్లాడింది.

"కొత్త మిషను కొన్నప్పుడు నేను వారంరోజులు ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను? మన పక్కింటి పిల్ల దగ్గర. నా పరువేం పోయింది?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"కాదులెండి. నేను కుట్టిన జాకెట్టు బిగుతైతే తెచ్చి నా మొహానే పడేస్తారు. మీ పిల్లలు పాపం ఏమీ అనలేరు."

మాస్టారు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. తెల్లారి ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పేరు రాయించుకున్నాడు.

శిక్షణ కేంద్రమంటే రెండో అంతస్తు చివర ఒక పొడవాటి గది. దాన్ని నడిపేది అందరూ బెంచీ మేడమ్ అని పిలిచే ఆవిడ. ఒకప్పుడు కెమిస్ట్రీ చెప్పేది. తనకి బాగా వచ్చిన పాఠం పిల్లలకి ఎందుకు రావడంలేదో తెలుసుకోవాలని మొదలుపెట్టి, చివరికి అదే పనిలో స్థిరపడిపోయింది. లెక్చరర్ల క్లాసుల్లో వెనక కూర్చుని వింటుంది. చెప్పేవాళ్ళని కాదు, వినేవాళ్ళని చూస్తుంది. "పన్నెండో నిమిషంలో కిటికీ పక్క వరస మొత్తం పెన్నులు కింద పెట్టేసింది" అని రాసుకుంటుంది. తర్వాత ఆ లెక్చరరుని పక్కకి పిలిచి, పన్నెండో నిమిషంలో ఏం జరిగిందో ఇద్దరూ కలిసి వెతుకుతారు. ఆవిడ ఒకరిని నొప్పించి ఎరగదు, ఒకరికి అబద్ధం చెప్పీ ఎరగదు. ఆ రెండూ ఒక్క మనిషిలో ఉండటం చూసి, వచ్చినవాళ్ళంతా ముందు ఆశ్చర్యపోయేవారు, తర్వాత నేర్చుకునేవారు.

ఆ గదిలో గోడవారగా ఒక బెంచీ ఉంది. పాత భవనం పడగొట్టినప్పుడు మిగతా సామానుతోపాటు వచ్చింది. ఆఫీసువాళ్ళు స్టాకు రిజిస్టరులో ఇలా ఎక్కించారు: "బెంచీ, ఒకటి. పొడవు నాలుగడుగులు. కూర్చున్న యెడల చదువు పోవును. లేచిన వెంటనే వచ్చును." ఎవరి సబ్జెక్టు వారికి, మొదటిరోజు క్లాసులో కూర్చున్నప్పుడు ఎంత తెలుసో అంతవరకే మిగులుతుంది. శుక్రవారాలు రద్దీగా ఉంటుంది కాబట్టి ముందే చెప్పి పెట్టుకోవాలి.

మాస్టారు వెళ్ళేసరికి బెంచీ పక్కన కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. ఆసుపత్రి డ్యూటీ నుంచి అట్నుంచటే వచ్చినట్టుంది, జేబుకి కత్తెర వేలాడుతోంది.

"ప్రతివాళ్ళకీ పక్కన ఒక విద్యార్థిని కూర్చోబెడతాను మాస్టారూ," అంది మేడమ్. "ఈ నర్సమ్మ మీ క్లాసే. ఆసుపత్రి యంత్రాల కోర్సు చేస్తోంది. మిగతావన్నీ పాసైంది."

"లెక్కలు?"

నర్సమ్మ తల వంచుకుంది. "రెండుసార్లు పోయింది సార్. ఈసారీ పోతే కోర్సులోంచి తీసేస్తారు."

మాస్టారికి ఆవిడ మొహం గుర్తురాలేదు. మూడేళ్ళుగా తన ఎదురుగానే కూర్చుంటోందని తెలిసి చెవులు వేడెక్కాయి. వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. మేడమ్ ఆయన క్లాసు వీడియోనే పెట్టింది.

తెరమీద పొడుగాటి మనిషొకడు గబగబా రాస్తున్నాడు. అది తనేనని కూడా తోచనట్టు మాస్టారు మొదట ఆసక్తిగా చూశాడు. కాసేపటికి ముందుకి వంగాడు. ఇంకాసేపటికి పక్కావిడ పుస్తకంలోకి తొంగిచూశాడు.

"ఏమంటున్నాడమ్మా? రాసింది రాసినట్టే చెరిపేస్తున్నాడేంటి?"

"ఎప్పుడూ అంతే సార్. డెరివేటివ్ చెప్తున్నారు."

"కింద ఉన్నది సున్నా అయిపోతుందంటున్నాడు. సున్నాతో భాగించకూడదని స్కూల్లో చెప్పారే!" మాస్టారు నర్సమ్మ దగ్గరికి జరిగాడు. "అందరికీ అర్థమవుతున్నట్టుంది. నాకే అవట్లేదా?"

నర్సమ్మ చటక్కున ఆయనకేసి చూసింది. మూడేళ్ళుగా తనని తినేస్తున్న ప్రశ్న అది. నోరు తెరిచి అడగలేకపోయిన ప్రశ్న. ఆ మాట వేరొకరి నోట విని ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఎదురుగా మనిషి కంగారుపడుతుంటే ముందు ఊరడించడం ఆవిడకి అలవాటు.

"ఉండండి, భయపడకండి. మేం సెలైన్ పెట్టాక ఎంత వేగంగా ఎక్కుతోందో చూస్తాం కదా. దానికి గంటసేపు కూర్చోం. ఒక నిమిషంలో ఎన్ని చుక్కలో లెక్కపెడతాం. తొందరైతే పావునిమిషం. ఇంకా తొందరైతే పది సెకన్లు."

"అయితే?"

"సమయం తగ్గిస్తూ పోతామే గానీ సున్నా చెయ్యం. సున్నా సెకన్లలో ఏ చుక్కా పడదుగా! దగ్గరికి పోతాం, అంతే."

"దగ్గరికి పోయేకొద్దీ ఆ వేగం ఒక అంకె దగ్గర కుదురుకుంటుందా?"

"కుదురుకుంటుంది సార్. ఆ అంకే..." నర్సమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. "అమ్మో. ఇదా డెరివేటివంటే? ఇంతేనా?"

"ఇంతేనా?" అన్నాడు మాస్టారు కూడా, సంబరంగా.

బెంచీ మేడమ్ వీడియో ఎప్పుడో ఆపేసింది. మధ్యలో ఒక్క మాట కూడా కల్పించుకోకుండా, ఊపిరి చప్పుడు కూడా వినపడనీయకుండా నిలబడింది. అలా ఊరుకోవడం నేర్చుకోడానికి ఆవిడకి పదేళ్ళు పట్టింది.

మాస్టారు లేచి నిలబడ్డాడు. ఇరవై తొమ్మిదేళ్ళ లెక్కలూ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. కళ్ళు మూసుకుని కాసేపు బల్ల పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నర్సమ్మవైపు తిరిగి, "మూడేళ్ళు నీ టైము పాడుచేశానమ్మా," అన్నాడు. మేడమ్‌తో, "వచ్చే శుక్రవారానికి నా పేరు రాయండి. ఆపై శుక్రవారం కూడా," అన్నాడు.

పదకొండు శుక్రవారాలు వచ్చాడు. ప్రతిసారీ ఏమీ తెలియకుండా కూర్చున్నాడు. బెంచీమీద ఆయన మహా మొండి విద్యార్థి. అర్థమయ్యేదాకా ఒప్పుకునేవాడు కాదు, "ఎందుకూ?" అని పీకలమీద కూర్చునేవాడు. ఆయనకి చెప్పడంకోసం నర్సమ్మ బస్సులో చదివేది, మధ్యాహ్నం అన్నంగిన్నె పక్కన కాగితం పెట్టుకుని బొమ్మలు వేసేది. సోమవారం క్లాసులో మాస్టారు ఆ బొమ్మలే బోర్డుమీద వేసేవాడు. వేసి ఆగేవాడు. పిల్లల మొహాలు చూసేవాడు. మొదట్లో ఆ నిశ్శబ్దం పిల్లలకి వింతగా ఉండేది. మూడోవారానికి చేతులు లేవడం మొదలైంది.

ఆ ఏడు పేపర్లు వేరే ఊరివాళ్ళు దిద్దారు. నూటనలభై మందిలో తప్పినవాళ్ళు పదహారుమంది. నర్సమ్మకి ఎనభై ఒకటి. మొదటి సంవత్సరం మాస్టారి దగ్గరే ఉండిపోయింది.

డిగ్రీ చేతికొచ్చిన రోజు నర్సమ్మ మేడమ్ దగ్గరికి వచ్చింది. మేడమ్ ఆవిడ ముందు ఒక దరఖాస్తు పెట్టింది. శిక్షణ కేంద్రంలో ఒక ఉద్యోగం ఖాళీ ఉంది.

"నేనా మేడమ్? లెక్చరర్లకి నేను నేర్పడమా? ఇందులో బోధనానుభవం అని అడుగుతున్నారు. నేనెవరికీ పాఠం చెప్పలేదే!"

"బాగా ఆలోచించుకో," అంది మేడమ్.

నర్సమ్మ పెన్ను కొరుకుతూ చాలాసేపు కూర్చుంది. చివరికి ఆ గడిలో రాసింది: "మొదటి సంవత్సరం గణితం, పదకొండు వారాలు. విద్యార్థులు: ఒకరు."

ఎంపికకి కూర్చున్న ముగ్గురూ దాన్ని చదివి, మామూలుగా పేజీ తిప్పారు. వెనక జతచేసిన సిఫారసు లేఖ ఒక్క వాక్యమే. కింద లెక్కల మాస్టారి సంతకం.

"ఈమె చెప్పింది నాకు అర్థమైంది."