ఫ్యూజు లేని వైరు

పొద్దున లేచి చూసేసరికి మా క్యారవాన్ ఇంకో ఏడు అడుగులు పెరిగి ఉంది. పెరిగింది మధ్యలోనే. వెనక మంచం ఉన్నచోటే ఉంది, ముందు డ్రైవరు సీటు మాత్రం దూరం జరిగింది. నిన్న ముప్పై అడుగులేస్తే అందిన సీటు ఇవాళ ముప్పై ఏడుకి అందుతోంది.

"ఎండలకి ఇనుము సాగుద్దిలే" అంటారు మా ఆయన అక్కడి నుంచి. ఆయన మాట నా దాకా వచ్చేసరికి టీలా చల్లారిపోయి ఉంటోంది.

నా కంగారు దాని గురించి కాదు, బ్యాటరీ గురించి.

ఇది సినిమా షూటింగుల్లో హీరోయిన్లు మేకప్ వేసుకునే బండి. పాతబడ్డాక మా ఆయన వీరబాబు కొన్నారు. వంటా పడకా అన్నీ ఇందులోనే. పాప అమూల్య పుట్టాక ఇంటికొచ్చిందీ ఇందులోకే. పాపకి ఎనిమిదో నెల. ఊపిరి సరిగ్గా అందదు. రోజుకి మూడుసార్లు ఆవిరి మిషను పెట్టాలి, సాయంత్రం ఆరింటిది అస్సలు తప్పకూడదు అన్నారు డాక్టరమ్మ. బండికి రెండు బ్యాటరీలు. ముందుది ఇంజనుకి, మంచం కిందది ఇంటికి. పైన సోలారు పలక రోజంతా ఎండ తాగుతూనే ఉంటుంది. అయినా మూడు రోజులుగా ఇంటి బ్యాటరీ సాయంత్రానికి చచ్చిపోతోంది.

నిన్న మిషను సగంలో ఆగింది. పాప ఛాతీలోంచి పిల్లికూతలు వచ్చాయి. అవి విని నాలుగు పిల్లులు కిటికీ కింద కూర్చున్నాయి. వాటి భాషలో పాప ఏం చెప్పిందో గాని, తలలు దించుకుని వెళ్ళిపోయాయి.

"బ్యాటరీ పాతదైపోయిందే. నీకు తెలీదులే" అన్నారు మా ఆయన.

నిజమే, నాకు తెలీదు. నన్ను తొమ్మిదిలో మాన్పించేశారు. కరెంటు పాఠం పదిలో ఉంటుందట. అందుకని నమ్మాను.

ఇవాళ మాత్రం జంక్షన్‌లో బ్యాటరీ షాపు సూరన్న బాబాయిని పిలుస్తాను. ఆయన బండి వెనక మెట్టు మీద కూర్చుని, మంచం కింది చిన్న తలుపు తీసి బ్యాటరీకి చెవి ఆనిస్తాడు.

"పాతది కాదమ్మాయ్. ఏడుస్తంది. పాతయి ఏడవ్వు, సణుగుతాయి. దీన్ని ఎవరో తాగేస్తన్నారు."

సంచిలోంచి రెండు వైర్లున్న చిన్న బల్బు తీసి నా చేతిలో పెడతాడు.

"మైనస్ వైరు ఊడదీసి, దానికీ బ్యాటరీకీ మధ్యన ఈ బల్బు పెట్టు. అన్నీ ఆపేసినా ఇది ఎలిగిందంటే కరెంటు ఎటో పోతన్నట్టే. ఒక్కో ఫ్యూజూ పీకుతా రా. ఏది పీకితే బల్బు ఆరిపోద్దో, ఆ దారినే పోతంది."

"మీరే చూడొచ్చు కదా బాబాయ్."

"నేను చూస్తే నాకు తెలుస్తాది. తెలియాల్సింది నీకు కదా."

"ఆయ్" అంటాను. బల్బు పెడతాను. వెలుగుతుంది.

ఫ్యాను ఫ్యూజు పీకితే గాలి కిందికి దిగి, పిలిచినప్పుడు లేద్దామని మంచం అంచున కూర్చుంటుంది. బల్బు ఆరదు. పంపు ఫ్యూజు పీకితే కుళాయి గొంతు సవరించుకుని ఊరుకుంటుంది. బల్బు ఆరదు. మేకప్ అద్దం లైట్ల ఫ్యూజు పీకగానే అందులో ఇన్నేళ్ళుగా మిగిలిపోయిన మొహాలన్నీ బ్యాగులు సర్దుకుని దిగిపోతాయి. ఒకామె గుమ్మంలో ఆగి, "షాట్ అయిపోయిందా?" అని అడుగుతుంది. అయిపోయిందండీ అంటాను. ఆ ఫ్యూజు కొంగున ముడేసుకుంటాను. చివరికి ఆవిరి మిషను పెట్టే ప్లగ్గు ఫ్యూజు కూడా పీకేస్తాను.

ఫ్యూజుల పెట్టె ఖాళీ అయిపోయింది. బల్బు వెలుగుతూనే ఉంది.

"అయితే ఫ్యూజు లేని వైరు ఒకటుందన్నమాట" అంటాడు సూరన్న బాబాయి.

"ఫ్యూజు లేకుండా ఎవరేస్తారు?"

"బయటోడైతే ఫ్యూజు ఏసుకుంటాడమ్మా, కాలిపోద్దేమోనని భయం. ఇంట్లోవోడికి భయమేంటి?"

బల్బు నా దగ్గరే ఉంచమని చెప్పి సైకిలెక్కుతాడు.

పరుపు తీస్తాను, చెక్క తీస్తాను. బ్యాటరీ వెనకాల నుంచి వేలెడు లావు ఎర్ర వైరొకటి మొదలై, జానెడు దూరంలో ఇంకో వైరుతో కలిసి, నేల కిందుగా ముందుకు పోతోంది. కలిపినచోట టేపు లేదు. గుడ్డ చుట్టి ఉంది. పసుపురంగు మీద తెల్ల బాతులు.

అది పాప పొత్తిగుడ్డ. ఆసుపత్రి నుంచి పాపని చుట్టుకుని తెచ్చిన గుడ్డ. కిందటి వారం కనపడకపోతే బండంతా వెతికాను. ఆయనా నాతో కలిసి వెతికాడు. ఈ మంచం కిందే టార్చి వేసి, బోర్లా పడుకుని, "ఇక్కడ లేదే" అన్నాడు.

పాపని చంకనేసుకుని వైరు వెంబడి నడుస్తాను. ముప్పై ఏడు అడుగులకి సీటు అందదు. నూట ముప్పై ఏడుకీ అందదు. కింద రెక్సిన్‌లోంచి మైలురాళ్ళు లేచి ఉన్నాయి. వాటి మీద అంకెలున్నాయి గాని ఊరి పేర్లు లేవు. ఎడమ కిటికీల్లో మధ్యాహ్నం, కుడి కిటికీల్లో సాయంత్రం. పాప నా భుజం మీద పిల్లికూతలు కూస్తోంది.

చివర్న మా ఆయన స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టు చక్కగా దువ్వుకున్నాడు. ఎర్ర వైరు ఆయన సీటు కిందికి పోయింది.

"ఇంత దూరం పాపని మోసుకొచ్చావేంటే" అంటాడు, తల తిప్పకుండా.

"ఇంటి బ్యాటరీ ఎందుకు తీసుకున్నారు?"

"నేనెక్కడ తీసుకున్నాను? మంచం కిందే ఉంది కదా."

"అందులో ఏమీ లేదు."

"అదే చెప్తున్నాను. బ్యాటరీ నీ దగ్గరే ఉంది. లోపలిదే నేను వాడుకున్నాను. ముందుకెళ్ళే భాగానికి బలం కావాలి. ఇల్లు ఊరికే ఉంటుంది, దానికేం పని?"

"పాపకి ఊపిరందట్లేదండీ."

"సాయంత్రానికి కదా. ఇక్కడింకా పొద్దున్నే."

నిజమే, బండి ముందరి అద్దంలోంచి లేత ఎండ ఆయన ఒళ్ళో పడుతోంది.

"నాకు చెప్పలేదేం?"

"నీకు తెలీదు కదా."

"తెలిస్తే చెప్పేవారా?"

నిజాయితీగా ఆలోచిస్తాడు. "తెలిస్తే ఇంక చెప్పాల్సిన పనేముంది?"

దీని జవాబు కూడా పదిలోనే ఉంటుందేమో. పాపని భుజం మార్చుకుని వెనక్కి నడుస్తాను. వచ్చిన దానికంటే పోయేది ఎక్కువుంది.

మంచం దగ్గరికి చేరేసరికి ఆరుకి పది నిమిషాలు. పాప పెదాల చుట్టూ నీలంగా ఉంది. పొత్తిగుడ్డ ముడి విప్పుతాను. వైర్లు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మెలి తిప్పి విడదీస్తాను.

బల్బు ఆరిపోతుంది.

ముందు వైపుకి తిరిగి చూస్తే అటు ఇప్పుడు సీటు లేదు. ఖాళీ రోడ్డు ఉంది.

మైనస్ వైరు తిరిగి బిగించి, ప్లగ్గు ఫ్యూజొక్కటే పెడతాను. మిషను కదలదు. బ్యాటరీ మీది ఆరు మూతలూ తిప్పి తీస్తాను. ఆరు గొంతులూ ఎండిపోయి ఉన్నాయి. వాటిలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా కోసం చూస్తే, అది పెట్టేచోట గుండ్రటి మరక ఉంది. డబ్బా కూడా ముందుకే పోయింది.

జాకెట్టు హుక్కులు తీస్తాను. పాపకి ఒక వైపు ఉంచి, రెండో వైపు నుంచి పాలు పిండుతాను. ఒక్కో గొంతులో గుక్కెడు. ఆరూ తాగుతాయి. ఆరోది నా వేలు పట్టుకుని వదలదు. సర్దిచెప్పి మూత పెడతాను.

సరిగ్గా ఆరింటికి మిషను గుర్రుమంటుంది. పాప ముక్కు మీద మాస్కు పెడతాను. పిల్లికూతలు ఒక్కొక్కటే ఆగిపోతాయి. నీలం పోయి పెదాలు ఎర్రబడతాయి. పొత్తిగుడ్డ కాళ్ళ మీద కప్పుతాను. బాతులు తడిగా ఉన్నాయి.

"దేవమణీ" అని నా పేరు వినిపిస్తుంది.

మేకప్ అద్దంలో మా ఆయన కూర్చుని ఉన్నాడు, స్టీరింగుతో సహా. చుట్టూ ఉన్న బల్బులు ఒక్కటీ వెలగట్లేదు.

"ఇక్కడ ఏమీ కనపడట్లేదే. లైటు వెయ్యి."

కొంగు తడుముకుంటాను. ఫ్యూజు ముడిలో భద్రంగా ఉంది.

"బ్యాటరీ పాతదైపోయిందండీ" అంటాను. "మీకు తెలీదులే."

ఆయన ఇంకేదో అంటున్నాడు. పాప వదిలిన ఆవిరి అద్దం మీద పొగమంచులా పట్టుకుని, ఆయన మెడ దాకా, నోటి దాకా, కళ్ళ దాకా వస్తుంది. లోపలి నుంచి ఒక అరచెయ్యి గుండ్రంగా తుడిచి చూస్తుంది.

పాప మళ్ళీ నిండుగా ఊపిరి వదులుతుంది. గుండ్రం పూడిపోతుంది.