విన్కో మ్యాపులో ఎర్ర గుర్తులు

నా గుండె తాళం తప్పిందని డాక్టరు నా గ్లైడర్ లైసెన్సు తీసేసుకున్నాడు. ఇంజను లేని ఆ విమానం ఇక నేను నడపకూడదు. ఈ వేసవి వరకు ఎవరి వెనకైనా కూర్చుని ఎగరొచ్చని, వచ్చే ఏటికి అదీ కుదరదని చెప్పాడు. మా క్లబ్బు స్నేహితుడు విన్కో అప్పుడు నా పక్కనే ఉన్నాడు. ఆసుపత్రి మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యేశాడు.

"ఏడుపు ముఖం పెట్టకురా లుద్విక్. వేసవి యాత్రలో నా గ్లైడర్ వెనక సీటు నీదే. నువ్వు మ్యాపులు తయారుచెయ్యి, చాలు."

చేశాను. యాత్రకు వెళ్ళే ప్రతి గ్లైడర్‌కూ ప్లాస్టిక్ అంటించిన ఒక మ్యాపు. గాలి మొహం చాటేస్తే దిగడానికి పనికొచ్చే పొలాలను పచ్చ పెన్నుతో చుట్టాను. ఊరికే కాదు, సైకిలేసుకుని వెళ్ళి ఒక్కో పొలం తొక్కి చూశాను. నిరుడు గడ్డి ఉన్నచోట ఈ ఏడు బీరులో వేసే హాప్ తీగలకు స్తంభాలు పాతేస్తారు. పైనుంచి చూసి తెలుసుకునేసరికి ఆలస్యమైపోతుంది.

విన్కో మ్యాపు మీద మాత్రం ఎర్ర గుర్తులు కూడా పెట్టాను. గాలి పైకి లేచి గ్లైడర్ని ఎత్తే చోట్లు అవి. స్టోల్ కొండ కింద తెల్లటి రాళ్ళ జారుడు, బోహిన్ దారిలో రంపపు మిల్లు, ఇంకా చాలా. మా ఆవిడకు కూడా చెప్పని సంగతులు. ఆ మిల్లు మీద గాలి ఎంత గట్టిదంటే, ఒకసారి నా టోపీ కిటికీలోంచి జారిపోయింది. నేను నేల మీద దిగేసరికి అదింకా పైకే పోతోంది. తర్వాత సరిహద్దు అవతలి ఆస్ట్రియా వాళ్ళెవరో పోస్టులో పంపారు. నమ్మకపోతే మా పోస్టుమాన్‌ను అడగండి. పోయాడనుకోండి, అది వేరే సంగతి.

యాత్రకు ముందటి శనివారం, వానలో, క్లబ్బు గదిలో మ్యాపులు మడతపెడుతున్నాను. క్లబ్బు పనులు చూసే మార్జెతా వచ్చి నా ముందు ఇంకో మ్యాపు పెట్టింది.

"ఇది మీది, తాతా."

"రోడ్డు మ్యాపు నాకెందుకమ్మా? ఆకాశంలో కూడా రోడ్లేశారా?"

"ట్రైలరు బండి తోలేది మీరేగా. ఎవరు ఏ పొలంలో దిగినా మీరెళ్ళి గ్లైడర్‌ను ఎక్కించుకు రావాలి. విన్కో మామయ్య చెప్పలేదా?"

"మరి వాడి వెనక సీట్లో ఎవరు?"

"వాళ్ళ అల్లుడు. మొన్న ఆదివారం వచ్చి సీటు బెల్టు కూడా సరిచేయించుకున్నాడు." నా మొహం చూసి ఆ పిల్ల నవ్వు ఆపేసింది.

మొన్న ఆదివారం సాయంత్రం విన్కో మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ చేసిన అక్రోటు రొట్టె తిన్నాడు. "తోల్మిన్ వైపు ఇంకేమైనా గుర్తులున్నాయా? దాచుకోకురా" అన్నాడు. నేను దాచుకోలేదు. పొద్దున అల్లుడికి బెల్టు బిగించిన చేతులతోనే వచ్చి నా పక్కన కూర్చుని అవన్నీ తన మ్యాపు మీద పెట్టించుకున్నాడు.

కాసేపటికి విన్కో వచ్చాడు. చంకలో ప్లమ్ పండ్ల సారా సీసా ఉంది.

"నాకెప్పుడు చెబుదామనుకున్నావురా?" అన్నాను. "పైనుంచి చెయ్యి ఊపుతూనా?"

వాడు మార్జెతా వైపు చూశాడు, తర్వాత నేల వైపు. "మా అల్లుడు మరీ పట్టుబట్టాడురా. ఇంట్లో పోరు నీకు తెలీదు. వచ్చే ఏడు చూద్దాం..."

"వచ్చే ఏడు నాకు లేదని డాక్టరు చెప్పినప్పుడు నువ్వు ఎవరి పక్కన నిలబడ్డావు?"

వాడు సీసాను ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

"ఆ సీసా ఇటివ్వు" అన్నాను.

నేను మెత్తబడ్డాననుకున్నాడేమో, గబగబా రెండు గ్లాసులు తెచ్చాడు. నేను సారా గుడ్డ మీద పోసి, వాడి మ్యాపు మీది ప్లాస్టిక్‌ను రుద్దాను. వాడి బావమరిది కాచిన సరుకు, గోడ రంగు కూడా ఊడగొడుతుంది. స్టోల్ పోయింది. మిల్లు పోయింది. పచ్చ చుట్లకు తడి తగలకుండా గుడ్డను వేలికి చుట్టి తుడిచాను.

"ఆ పచ్చవెందుకు, అవీ తుడిచెయ్యి" అన్నాడు విన్కో, ఉక్రోషంగా.

"దిగే చోటు దాచేంత వెధవను కాను. అల్లుడితో క్షేమంగా దిగు. లేచే చోట్లు మాత్రం మీరే వెతుక్కోండి."

వాడు ఎర్రబారిన గుడ్డను వేలితో పక్కకు నెట్టాడు. క్షమించమంటాడేమోనని, సిగ్గు లేకుండా, నేను ఎదురుచూశాను.

"అయితే ట్రైలరు ఎవరు తోల్తారు?" అన్నాడు.

రోడ్డు మ్యాపు వాడి గ్లాసు పక్కన పెట్టి బయటికి వచ్చేశాను. వాన వెలిసింది. స్టోల్ మీద మబ్బు విడిపోతున్నట్టుంది, సరిగా చూడలేదు.