పక్క సీటు బ్రేకు

"బెల్టు పెట్టుకున్నారా మేడమ్?" అని అడుగుతూనే అతను కుడికాలు చాపి, లేని బ్రేకును ఒకసారి నొక్కి చూసుకున్నాడు.

షోరూములో అందరూ అతన్ని బ్రేకు బాబాయి అంటారు. కార్లు కొనబోయేవాళ్లు నడిపి చూస్తుంటే పక్కన కూర్చుని మంచీచెడూ చెప్పడం అతని పని. ఇన్నేళ్లలో ఎంతమంది చేతుల్లో ప్రాణం పెట్టి కూర్చున్నాడో లెక్కలేదు. మలుపు వచ్చినప్పుడు నోరు ఇంజను గొప్పలు చెబుతూనే ఉంటుంది, కాలు మాత్రం దాని పని అది చేస్తుంది. పైకప్పు తెరుచుకునే రోడ్‌స్టర్ కారులో పక్క సీటు ముందు కాళ్లకింద పరిచే పట్టా అతని కాలి కింద అరిగి నూలు బయటపడింది. స్టీరింగు ఎంత సుఖంగా ఉంటుందో నోరారా వర్ణించే ఈ పెద్దమనిషి, కారు తోలడం వచ్చినా ఆ స్టీరింగు ఒక్కనాడూ పట్టుకోలేదు. యార్డు డ్రైవరు బండి తెచ్చి నిలబెడతాడు, కొనేవాళ్లు తోలుతారు, బాబాయి పొగుడుతాడు.

ఇవాళ మాత్రం పొద్దున్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మేనేజరు ఒక మాట అన్నాడు మరి. "ఇవాళ వచ్చే డాక్టరమ్మ కూపే తీసుకుంటే రోడ్‌స్టర్ రేపటిదాకా మన దగ్గరే ఉంటుంది బాబాయ్. సాయంత్రం నువ్వు ఇంటికి తీసుకెళ్లి ఒక చుట్టు తిరిగి రా. అదే రోడ్‌స్టర్ తీసుకుందనుకో, ఇవాళే వెళ్లిపోతుంది."

ఆ సంగతి కడుపులో దాచుకోలేక ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే భార్యకి ఫోను చేసి చెప్పేశాడు. "తలకి రుమాలు కట్టుకుని రెడీగా ఉంటా," అంది ఆమె. "నువ్వు తోలాలి, నేను పక్కన దొరసానిలా కూర్చోవాలి, అంతే."

పళ్ల డాక్టరమ్మ ముందుగా గట్టి కప్పున్న కూపే కారు నడిపింది. రోజంతా గదిలో కూర్చుని పరాయివాళ్ల నోళ్లలోకి వంగి చూసే మనిషి. ఒళ్లు దగ్గర పెట్టుకుని తోలింది. పైకప్పు కింద ఇంజను చప్పుడు బయటికి పోయే దారిలేక గుండెల్లోనే మోగింది. మలుపులో బండి నేలను కరచుకుని తిరిగింది, సీటు నడుముని వదల్లేదు. వేగం ఎంతుందో ముల్లు చూస్తేగాని తెలియలేదు.

"బాగుంది. గట్టిగా ఉంది," అందామె, ముందుకే చూస్తూ.

తర్వాత పైకప్పు తీసేసిన రోడ్‌స్టర్. గతుకు తగలగానే స్టీరింగు ఆమె వేళ్లలో సన్నగా వణికింది. కూపేలో నత్తనడకలా అనిపించిన వేగమే ఇక్కడ గాలి మొహాన కొట్టేసరికి దౌడులా ఉంది. తారు వాసన, ఎవరింట్లోనో ఉతుకుతున్న బట్టల సబ్బు వాసన, పక్క లారీ పొగ, అన్నీ పిలవకుండానే లోపలికొచ్చాయి. మలుపులో డాక్టరమ్మ కెవ్వున అరిచింది. ఆ వెంటనే పగలబడి నవ్వింది. నోట్లోకి పోతున్న జుట్టు ఊసుకుంటూ నవ్వింది. బాబాయి కాలు పట్టాని తొక్కేస్తోంది. ఈ నవ్వు ఇవాళొక్కరోజు రాకుండా ఉంటే ఎంత బాగుండేదని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"మీరైతే ఏది తీసుకుంటారు?" అని అడిగింది దిగుతూ.

"కూపే మేడమ్. వాన, దుమ్ము, దొంగలు... రోడ్‌స్టర్‌తో రోజూ వేగలేం."

"అంతేలెండి. ఈ వయసులో నాకెందుకీ వేషాలు," అంటూ ఆమె చెదిరిన జుట్టు లాగి ముడేసుకుంది.

మేనేజరు నవ్వుతూ రోడ్‌స్టర్ తాళం తెచ్చి బాబాయి జేబులో వేశాడు. అప్పట్నుంచి అతను ఒకచోట నిలవలేకపోయాడు. మంచినీళ్లు తాగాడు, తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాడు. తను చెప్పినవన్నీ నిజాలే. అయినా కళ్లు మాటిమాటికీ ఆమెవైపే పోతున్నాయి. అద్దం గోడ అవతల, కూపే కాగితాల కోసం ఎదురుచూస్తున్న డాక్టరమ్మ ఎవరూ చూడట్లేదనుకుని రోడ్‌స్టర్ తలుపు మీద చెయ్యి వేసింది. వేసి, తప్పు చేసినట్టు తీసేసింది.

ఈ వయసులో నాకెందుకు. ఈ మాట తను ఎన్నిసార్లు అనుకోలేదు!

బాబాయి బయటికి నడిచాడు.

"మేడమ్, ఇందాక నా కోసం చెప్పాను. కూపే మంచి బండే, మిమ్మల్ని భద్రంగా చూసుకుంటుంది. కానీ మీరు నవ్వింది ఇందులో."

"మీ కోసమంటే?"

"ఏం లేదులెండి." జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

యార్డు డ్రైవరు బండిలో కొత్త పట్టాలు పరిచి, పాతవి గోడవార పడేశాడు. రోడ్‌స్టర్ డాక్టరమ్మతో గేటు దాటి మలుపు తిరుగుతుంటే, చూస్తూ నిలబడ్డ బాబాయి కుడికాలు నేలను గట్టిగా నొక్కింది. బండి ఆగలేదు.

ఇంటి గుమ్మంలో భార్య తలకి రుమాలు కట్టుకుని ఎదురుచూస్తోంది. స్కూటరు కనబడగానే మొహం చిన్నబోయింది.

"కారేదయ్యా?"

"వెళ్లిపోయింది."

"లాండ్రీ అంతా చెప్పుకున్నాను కదయ్యా! మరి చంకలో అదేంటి?"

"నా బ్రేకు," అంటూ పట్టా కింద పెట్టాడు.

ఆమె రుమాలు ముడి విప్పబోయింది. అతని మొహం చూసి మానేసి, ముడి ఇంకా బిగించి, స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది.

"పద, దీనికీ పైకప్పు లేదుగా."

స్కూటరు సందు మలుపు తిరిగింది. గుమ్మం ముందు పట్టా ఒక్కటే మిగిలింది, కాలు ఆనే చోట అరిగి, నూలు బయటపడి.