విరిగిన రెప్పవెంట్రుకలు

మా అమ్మాయి కుడికంటి పైరెప్ప లోపలికి మడుచుకుపోయింది. వెంట్రుకలు నల్లగుడ్డును గీరుతుంటే ఆ కంటితోనే టైలర్ షాపులో చొక్కాలకు కాజాలు కుట్టేది. వారానికోసారి కిటికీ దగ్గర పడుకోబెట్టి, ముళ్ళు తీసే చిమటాతో వాటిని పీకేదాన్ని. మా అమ్మ నాకూ అలాగే పీకేది. ఆపరేషన్ అంటే కత్తి, కత్తి పడితే కన్ను పోతుంది. నేను ఎరిగిందంతే. ఏ సంగతైనా చావుదాకా ఆలోచించనిదే నాకు కునుకు పట్టదు.

ఈమధ్య పీకినా మంట తగ్గడం లేదంది. దుమ్మన్నాను, దారప్పోగన్నాను. చివరికి దాని షాపు టైలరే, ఇది సూదిలో దారం ఎక్కించేలోపు చొక్కా తొడుక్కునేవాడికి మనవలు పుడతారని ఎగతాళి చేసి, మమ్మల్ని కంటి ఆసుపత్రికి తరిమాడు.

డాక్టరమ్మ రెప్ప తిరగేసి చూసింది. చిన్నప్పుడు మళ్ళీ మళ్ళీ కళ్ళు ఎర్రబడి పుసులు కట్టిన జబ్బు ట్రకోమా అట. రెప్ప లోపల మచ్చలు కట్టి ముడుచుకుపోయిందట. నల్లగుడ్డు మీద చూపుకు అడ్డంగా తెల్లటి పువ్వు వేసిందట.

"వెంట్రుకలు ఎవరు తీస్తున్నారు?"

"నేనేనండీ."

"సగానికి విరిగిపోతున్నాయమ్మా. మొదలు అక్కడే ఉండి, మొండిముక్క ఇంకా గట్టిగా గీరుతోంది."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. "నీకు చూపు ఆనడం లేదని ముందే చెప్పొచ్చుగా."

నేను చేతిసంచీ సర్దుకున్నాను. చెబితే ఇంకెవరి దగ్గరికో వెళ్ళేది. వారం మొత్తంలో అది నా ఒళ్ళో తల పెట్టేది ఆ కాసేపే.

రెప్పను బయటికి తిప్పి కుడితే గీరడం ఆగుతుందనీ, వేసిన పువ్వు మాత్రం పోదనీ డాక్టరమ్మ చెప్పింది. నేను వద్దంటానేమోనని అది నన్ను చూడకుండానే సంతకం పెట్టింది. లోపల ఆపరేషన్ జరుగుతుంటే బయట బల్ల మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. తలుపు కదిలినప్పుడల్లా నా కోసమే చెడ్డ కబురు వస్తోందనుకున్నాను.

మర్నాడు కట్టు విప్పి, నర్సు గోడ మీది అక్షరాలు చదవమంది. మా అమ్మాయి రెండు వరసలు చదివి మూడోదాని దగ్గర ఆగిపోయింది. నర్సు ఏదో రాసుకుని వెళ్ళింది.

"గుచ్చుకోవడం లేదమ్మా," అంది.

"చూపో?"

"అన్నీ కనిపిస్తున్నాయి."

అబద్ధమని అనడానికి నాకు నోరెక్కడిది? మంచిదన్నాను.

బస్సు మెట్టు దగ్గర చెయ్యి అందించాను. అది చూడలేదో, చూసే వద్దనుకుందో. కమ్మీ పట్టుకుని ఎక్కి, ముందు సీట్లో ఎవరో ఆవిడ పక్కన కూర్చుంది. నాకు వెనకెక్కడో చోటు దొరికింది.