ఎరుపు చూపించిన పాపానికి

నేను ఒక టీవీని. సీరియళ్లు చూపించి ఏడిపించే రకం కాదు. తెనాలిలో ఫణీంద్ర అనే షేర్ల బ్రోకరు ఆఫీసు గోడ మీద ధరలు చూపించి ఏడిపించేదాన్ని. ఇప్పుడు పాతసామాను కొట్లో తుప్పుపట్టిన మంచం కింద పడి ఉన్నాను. అయినా తల దించుకోను. ఎందుకు దించుకోవాలి?

ఏదో ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నా వీపుకు మరలు బిగించింది. మొదట నన్నొక హోటలాయన కొన్నాడు. క్రికెట్టు చూస్తూ జనం బల్లలు ఖాళీ చెయ్యడం లేదని ఫణీంద్రకు అమ్మేశాడు.

ఫణీంద్ర రోజూ పొద్దున్నే నాకు కుంకుమ బొట్టు పెట్టి అగరొత్తులు తిప్పేవాడు. ధరలు పెరిగితే నేను మహాలక్ష్మిని. పడి అంకెలు ఎర్రబడితే మాత్రం నా నెత్తిన తుండుగుడ్డ కప్పేసి, "ఇవాళ సిగ్నల్ లేదండీ" అనేవాడు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది! గుడ్డ కప్పితే ధర ఆగుతుందా?

అక్కడికొచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లే. సర్వమంగళగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేశారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో సగం ఒక పైపుల కంపెనీ షేర్లలో పెట్టారు. మోకాళ్ల ఆపరేషనుకు ఆ డబ్బే ఆధారం. అంత సొమ్ము ఒక్కచోట పెట్టకూడదని నాకు తెలుసు, కానీ నన్నడిగిందెవరు?

ఒకరోజు మార్కెట్టు మొత్తం కూలింది. ఫణీంద్ర తుండుగుడ్డ తెచ్చేలోపే నా తెర అడుగున వార్త పాకింది. ఆ పైపుల కంపెనీ చైర్మన్ తన షేర్లలో నూటికి రెండు అమ్మాడట. అంతా గొల్లుమన్నారు. రిటైర్డ్ తహసీల్దారు వరదరాజులుగారు "అంతా ఈ దరిద్రపు టీవీ వల్లే!" అంటూ స్టీలు ఫ్లాస్కు నా మీదకు విసిరారు. ఎడమవైపు తెర పగిలింది. చదువుకున్న పెద్దమనిషి! అమ్మినవాణ్ణి వదిలేసి చెప్పినదాన్ని కొడతారా?

ఫణీంద్ర సర్వమంగళగారి చెవి దగ్గరకు వంగాడు.

"పిన్నిగారూ, మా బావమరిది ఆ కంపెనీలోనే ఉన్నాడు. గురువారం లెక్కలు బయటికొస్తాయంట. పెద్ద దెబ్బేనంట. ఎవరికీ చెప్పమాకండి, ఇప్పుడే అమ్మేద్దాం."

నాకు భయమేసింది.

"చైర్మన్ అందరికీ చెప్పే అమ్మాడు," అన్నారావిడ. "బస్తాలో గుప్పెడు తీశాడు. కూతురి పెళ్లికో, అప్పుకో! దానికి నేను బెదరను. నువ్వు చెప్పేది మాత్రం దొంగమాటయ్యా. అది విని నేనమ్మితే కొనేదెవరు? నాలాంటి పింఛను మనిషే కొంటే? ఇంకొకళ్ల కొంప ముంచి నా మోకాళ్లు బాగుచేయించుకోనా?"

"మునిగిపోతారు పిన్నిగారూ!"

"మునిగితే నా డబ్బే మునుగుద్ది. నీకేం?"

అతను నా మీద గుడ్డ కప్పబోయాడు.

"తియ్యి దాన్ని! పడితే నా కళ్లెదురుగానే పడనీ."

కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. అబ్బ, ఆ క్షణాన నాకెంత గర్వంగా అనిపించిందో! పగలని సగంలో ఎర్ర అంకెలు ఒక్కటీ దాచకుండా చూపించాను. మార్కెట్టు మూసేదాకా ఇద్దరం కదల్లేదు.

మర్నాడు ఫణీంద్ర నన్ను అచ్చిరాని టీవీ అని తూకానికి అమ్మేశాడు. గురువారం ఆ షేరు మట్టి కరిచిందో, లేచి నిలబడిందో నాకు తెలియదు. ఆవిడకు ఆపరేషను అయిందో లేదో కూడా తెలియదు. ఆ రోజు ఆవిడ మాత్రం అమ్మలేదు.